ఆడే పిల్లలకు చదువును ఊతకర్రగా చూపించకండి

ప్రశ్న:

నేను 18 ఏళ్లుగా బడి పిల్లలకు అథ్లెటిక్స్ నేర్పుతున్నాను. నా దగ్గర శిక్షణ పొందుతున్న 15 ఏళ్ల అమ్మాయి లాంగ్ జంప్‌లో చక్కగా రాణిస్తోంది. ఆమెకు లెక్కలన్నా భౌతికశాస్త్రమన్నా ఎంతో ఇష్టం. పై తరగతిలో సైన్సు తీసుకోమని నేను ప్రోత్సహించాను. తోటి శిక్షకులేమో, రెండు పడవల మీద కాళ్లు పెట్టించి పిల్లను ముంచుతున్నావని నన్ను మందలిస్తున్నారు. ఏదో ఒక తేలికపాటి చదువులో చేర్పించి, మనసంతా ఆట మీదే పెట్టించమంటున్నారు. నేను ఒకప్పుడు పరుగు కోసం చదువు మధ్యలో వదిలేశాను. 22వ ఏట మోకాలు దెబ్బతిని ఆ పరుగూ పోయింది. అందుకే పిల్లలందరికీ 'రేపు కాలు విరిగితే ఏం చేస్తారు, చదువుకోండి' అని చెబుతుంటాను. వాళ్లు తల ఊపుతారే తప్ప పుస్తకం తెరవరు. ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. నాలుగేళ్ల కిందట ఒక కుర్రవాడు గ్రౌండు గట్టున కూర్చుని రసాయనశాస్త్రం చదువుకుంటుంటే, పోటీలు దగ్గరపడ్డాయన్న కంగారులో 'ఆ పుస్తకం మూసి రా' అని కసిరాను. తరవాత ఏడాది తిరక్కుండానే అతను ఆటా మానేశాడు, చదువూ మానేశాడు. ఆ మాట ఇప్పటికీ నన్ను వదలడం లేదు. ఈ అమ్మాయి విషయంలో నేను చేస్తున్నది సరైనదేనా? మిగతా పిల్లలకు ఏమని చెప్పాలి?

— ఒక శిక్షకుడు

సమాధానం:

మాస్టారూ,

ముందుగా మీరు అడిగినదానికి సూటిగా జవాబు చెబుతాను. ఆ అమ్మాయిని సైన్సు తీసుకోమని ప్రోత్సహించడం ముమ్మాటికీ సరైన పని. తోటివారి మందలింపుకు జంకి ఆ మాటను వెనక్కి తీసుకోకండి. అయితే అదే ఉద్దేశంతో మిగతా పిల్లలకు మీరు రోజూ చెబుతున్న 'కాలు విరిగితే' అన్న మాట మాత్రం, మీరు కోరుకున్నదానికి సరిగ్గా ఎదురు ఫలితాన్ని ఇస్తోందని నేను నమ్ముతున్నాను. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది అదే కనుక మొదట దాని గురించే రాస్తాను.

ఆ మాటను పదిహేనేళ్ల పిల్ల చెవితో ఒక్కసారి విని చూడండి. తెల్లవారకముందే లేచి గ్రౌండుకు వచ్చిన పిల్లకు, తాను అందరికంటే ఎక్కువగా నమ్మే మనిషి నోటి వెంట, నీ కాలు విరగవచ్చు, నువ్వు నెగ్గకపోవచ్చు, అప్పటికి ఇంకో ఏర్పాటు చేసుకో అన్న మాట వినిపిస్తుంది. ఆ క్షణం నుంచి పుస్తకం తెరవడమంటే ఆమె దృష్టిలో ఓటమికి ముందుగానే చోటు సిద్ధం చేసుకోవడమే అవుతుంది. తన ఆట మీద ప్రేమ ఉన్న ఏ పిల్లా ఆ పని ఇష్టంగా చేయదు. మీ పిల్లలు తల ఊపి ఊరుకోవడానికి బద్ధకం కారణం కాదని నాకనిపిస్తోంది. అది తమ ఆటను కాపాడుకునే ప్రయత్నం. అమెరికాలో విశ్వవిద్యాలయ క్రీడలను నిర్వహించే ఎన్‌సీఏఏ సంఘమే, తమ విద్యార్థి క్రీడాకారుల్లో వృత్తి ఆటగాళ్లుగా మారేవారు 2 శాతం కంటే తక్కువని చెబుతుంది. ఆ అంకె నిజమే కానీ పిల్లలను కదిలించడానికి పనికిరాదు. ప్రతి పిల్లా ఆ కొద్దిమందిలో తానొకతెననే అనుకుంటుంది. అలా అనుకోలేని పిల్ల అసలు పొద్దున్నే లేచి రాదు.

చదువును ఊతకర్రగా చూపించినంతకాలం, కుంటేవాళ్లకే అది అవసరమని పిల్లలు అనుకుంటారు. కనుక భయం సంగతి పక్కన పెట్టి, వాళ్లకు ఇప్పటికే ఇష్టమైన ఆటలోంచే ప్రశ్నను బయటికి తీసి చూపించండి. ఇది వినడానికి పెద్ద మాటలా ఉంటుంది కాబట్టి ఎలా చేయవచ్చో మీ అమ్మాయి లాంగ్ జంప్‌నే తీసుకుని చెబుతాను.

నేను చాలా ఏళ్లు భౌతికశాస్త్రం బోధించాను. విసిరిన వస్తువు గరిష్ఠ దూరం వెళ్లాలంటే 45 డిగ్రీల కోణంలో విసరాలని ఒకనాడు తరగతిలో నిరూపించి చూపిస్తుంటే, వెనక బెంచీలో ఎప్పుడూ నోరు మెదపని ఒక విద్యార్థి లేచి, 'అలా ఎవరూ దూకరండీ' అన్నాడు. అతను లాంగ్ జంప్ ఆటగాడని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ రోజు నా దగ్గర సరైన జవాబు లేదు. రేపు చెబుతానని ఒప్పుకుని, సాయంత్రం అతనితో పాటు ఇసుక గుంత దగ్గరికి వెళ్లాను. అతను చెప్పింది అక్షరాలా నిజం. మేటి ఆటగాళ్లు కూడా టేకాఫ్ బోర్డును, అంటే దూకేముందు కాలు మోపే పలకను, వదిలేది దాదాపు 20 డిగ్రీల కోణంలోనే. పుస్తకంలోని 45 తప్పు కాదు, కానీ అది ఏ కోణంలోనైనా ఒకే వేగంతో విసరగలమన్న షరతు మీద నిలబడిన లెక్క. మనిషి శరీరం ఆ షరతును ఒప్పుకోదు.

మీ అమ్మాయి సెకనుకు 8 మీటర్ల వేగంతో బోర్డు దగ్గరికి వస్తుందనుకుందాం. 45 డిగ్రీల్లో లేవాలంటే పైకి కూడా అంతే వేగం, అంటే సెకనుకు 8 మీటర్లు కావాలి. ఆ వేగంతో పైకి లేచిన శరీరం గురుత్వకేంద్రం, అంటే ఒంటి బరువంతా ఒక్కచోట ఉన్నట్టు లెక్కించే బిందువు, 3 మీటర్లకు పైగా ఎత్తుకు వెళ్లాలి. అది ఏ మనిషికీ సాధ్యం కాదు. ఆమె పాదం బోర్డు మీద ఆనేది సుమారు 0.12 సెకను మాత్రమే. ఆ కాస్త వ్యవధిలో పైకి సెకనుకు 3 మీటర్ల వేగం సంపాదించగలిగితే అదే గొప్ప. 8కి 3 చొప్పున కోణం వేసి చూడమనండి, 20 డిగ్రీల చిల్లర వస్తుంది. మీరు ఇన్నేళ్లుగా కంటితో చూస్తూ, చేతితో సరిదిద్దుతూ నేర్పుతున్న కోణం కాగితం మీద తనంతట తాను ప్రత్యక్షమవుతుంది. అది చూసిన పిల్ల ముఖం ఎలా వెలుగుతుందో నేను వర్ణించను, మీరే చూడండి.

ప్రశ్న అక్కడితో ఆగదు, అందుకే ఈ ఉదాహరణ అంటే నాకు ఇష్టం. 0.12 సెకనులో 3 మీటర్ల వేగం అంటే ఆ కాలు సగటున తన శరీర బరువుకు మూడున్నర రెట్ల బలాన్ని నేల మీద మోపాలి. అంత బలాన్ని మడమ వెనకనున్న స్నాయుబంధం ఎలా తట్టుకుంటుంది? అది సాగి మళ్లీ యథాస్థితికి వస్తుందా, వస్తే ఆ శక్తి ఎక్కడికి పోతుంది? పెరిగే వయసులో ఎముక చివర్లు ఇంకా మెత్తగానే ఉంటాయి కదా, వాటి సంగతేమిటి? ఒక్క దూకుడులోంచి భౌతికశాస్త్రం, జీవశాస్త్రం, వైద్యం, పదార్థాల శాస్త్రం వరసగా తలుపులు తీస్తాయి. ఏ తలుపులోంచి లోపలికి వెళ్లాలో ఆమెనే తేల్చుకోనివ్వండి.

దీనికి ప్రయోగశాల అక్కర్లేదు. సెకనుకు 240 చిత్రాలు తీసే స్లో మోషన్ కెమెరా ఇప్పుడు చాలా ఫోన్లలో ఉంటోంది. మామూలు వీడియోలో పాదం బోర్డు మీదున్న క్షణానికి మూడు నాలుగు చిత్రాలే దొరుకుతాయి. స్లో మోషన్‌లో 29 దాకా దొరుకుతాయి. కెమెరాను బోర్డుకు సరిగ్గా పక్కన, కదలకుండా, ప్రతిసారీ ఒకే చోట పెట్టాలి. ఆమె చేత ఒక నోటు పుస్తకం పెట్టించండి. దూకకముందు తన అంచనా రాయాలి, దూకిన తరవాత కొలత రాయాలి, రెండింటికీ తేడా ఎందుకు వచ్చిందో ఒక్క వాక్యం రాయాలి. ఒక వారం దూకేముందు తీసే పరుగు (రనప్) పొడవు మాత్రమే మార్చాలి, మిగతావేవీ ముట్టుకోకూడదు. ఇంకో వారం చివరి రెండు అంగల లయ ఒక్కటే మార్చాలి. ఒకేసారి నాలుగు మార్చితే ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదని మీకు అనుభవం మీద తెలుసు. శాస్త్రవేత్తలు ప్రయోగం చేసే పద్ధతి కూడా సరిగ్గా అదేనని ఆమెకు చెప్పండి. నచ్చని కొలతలను కొట్టేయకూడదని కూడా చెప్పండి, ఎందుకంటే ఆ అలవాటు ఒకసారి పడితే ఆటలోనైనా సైన్సులోనైనా మనిషి తనను తాను మోసం చేసుకోవడం మొదలుపెడతాడు.

ఆటగాడు అడిగిన ప్రశ్న ఆటనే మార్చేసిన సందర్భం కూడా పిల్లలకు చెప్పదగినది. 1968లో మెక్సికో సిటీ ఒలింపిక్స్‌లో డిక్ ఫాస్‌బరీ అనే యువకుడు హైజంప్‌లో కర్రకు వీపు తిప్పి దూకి, 2.24 మీటర్లతో స్వర్ణం గెలిచాడు. అప్పట్లో అతను సివిల్ ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వీపును విల్లులా వంచి దూకితే శరీరం మొత్తం కర్ర మీదుగా దాటుతున్నా, గురుత్వకేంద్రం కర్రకు కిందుగానే వెళ్లగలదు. అంటే అదే బలంతో ఇంకాస్త ఎత్తు దాటవచ్చు. ఇసుకలోనో పొట్టులోనో పడే రోజుల్లో వీపు మీద పడడానికి ఎవరూ సాహసించరు. మందపాటి స్పాంజి పరుపులు వచ్చాకే అది వీలైంది. ఒక కొత్త పదార్థం, ఒక కుర్రవాడి పట్టుదల కలిస్తే ఆ ఆట రూపమే మారిపోయింది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఆటగాళ్లకు ఆటకు సంబంధించిన సైన్సే నప్పుతుందన్న అభిప్రాయం కొందరిలో ఉంది. అది కూడా ఒక రకం చిన్నచూపే. ఆట తలుపు మాత్రమే, లోపల గది ఏదైనా కావచ్చు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో రజతం గెలిచిన డెన్మార్క్ ఫుట్‌బాల్ జట్టులో హెరాల్డ్ బోర్ అనే ఆటగాడు ఉన్నారు. భౌతికశాస్త్రవేత్త నీల్స్ బోర్‌కు ఆయన తమ్ముడు. 1910లో ఆయన తన డాక్టరేట్ పరిశోధనను సభలో సమర్థించుకుంటుంటే, వినడానికి వచ్చినవారిలో గణితజ్ఞుల కంటే ఫుట్‌బాల్ అభిమానులే ఎక్కువగా ఉన్నారని చెబుతారు. ఆయన తరవాతి కాలంలో చేసిన పనికీ బంతికీ ఏ సంబంధమూ లేదు. అది శుద్ధ గణితం. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 200 మీటర్ల పరుగు గెలిచిన గాబీ థామస్ మొదట నాడీ జీవశాస్త్రం చదివి, పరుగు కొనసాగిస్తూనే ప్రజారోగ్యంలో, అందులోనూ వ్యాధుల వ్యాప్తిని అధ్యయనం చేసే శాఖలో మాస్టర్స్ పట్టా పొందారు. ఆమె ఆలోచించేది తన కాళ్ల గురించి కాదు, వైద్యం అందని మనుషుల గురించి. కనుక మీ అమ్మాయికి రేపు నక్షత్రాల మీదో సూక్ష్మజీవుల మీదో మనసు పోతే, 'దానికీ లాంగ్ జంప్‌కూ ఏమిటి సంబంధం' అని అడగకండి.

ఇక రెండు పడవల సామెత సంగతికి వద్దాం. మీ తోటి శిక్షకుల భయం పూర్తిగా నిరాధారమైనదని నేను అనను. ఒకే నెలలో పెద్ద పోటీనీ పెద్ద పరీక్షనూ పూర్తి బలంతో ఎదుర్కోమంటే ఏ పిల్లైనా నలిగిపోతుంది. కానీ రెండూ చేసినవారి జీవితాలను దగ్గరగా చూస్తే, వాళ్లెవరూ రెండు పడవల మీద ఒకేసారి సమానంగా బరువు మోపి నిలబడలేదు. ఒక కాలంలో ఒకటి ముందుకు వచ్చింది, రెండోది వెనక్కి జరిగింది కానీ ఆగిపోలేదు.

రోజర్ బానిస్టర్ మైలు దూరాన్ని 3 నిమిషాల 59.4 సెకన్లలో పరిగెత్తింది 1954 మే 6న. నాలుగు నిమిషాల గోడను దాటిన మొదటి మనిషి ఆయనే. అప్పటికి ఆయన 25 ఏళ్ల వైద్య విద్యార్థి. ఆ ఉదయం లండన్‌లోని ఆసుపత్రికి వెళ్లి, ఆ తరవాతే రైలెక్కి ఆక్స్‌ఫర్డ్ చేరుకున్నారు. మధ్యాహ్న విరామంలో దొరికిన కొద్దిపాటి సమయంలోనే ఆయన సాధన సాగేది. అంతకుముందు ట్రెడ్‌మిల్ మీద తననూ ఇతరులనూ అలసిపోయేదాకా పరిగెత్తించి, పీల్చే గాలిలో ఆక్సిజన్ పెంచితే శ్వాసలోనూ సత్తువలోనూ ఏం మార్పు వస్తుందో పరిశోధించారు కూడా. అదే ఏడాది చివరికి ఆయన పరుగు విరమించి, నాడీ వైద్యుడిగా, స్వయంచాలక నాడీ వ్యవస్థ మీద పరిశోధకుడిగా మిగతా జీవితమంతా గడిపారు. 2014లో అమెరికన్ ఫుట్‌బాల్ వృత్తి లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అడుగుపెట్టిన జాన్ అర్షెల్ ఆట లేని నెలల్లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో గణితం పీహెచ్‌డీ చదువుతూ, 2017లో 26 ఏళ్లకే ఆటకు స్వస్తి చెప్పి, 2021లో ఆ డాక్టరేట్ పూర్తి చేశారు. వీరిద్దరూ ఎప్పుడు ఏది వదలాలో తామే నిర్ణయించుకున్నారు. రెండోది చేతిలో ఉన్నందువల్లే ఆ నిర్ణయం తీసుకునే స్వేచ్ఛ వాళ్లకు దొరికింది.

మీరు చెప్పే గాయం కథకు అచ్చంగా సరిపోయే జీవితం కూడా ఒకటుంది, అయితే అందులో చదువు వచ్చిన క్రమాన్ని గమనించండి. లీలండ్ మెల్విన్‌ను 1986లో డెట్రాయిట్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఎంపిక చేసుకుంది. తొడ వెనక కండరం పట్టుకుపోవడంతో ఆయన ఆట ఎక్కువకాలం సాగలేదు. తరవాత ఆయన నాసాలో చేరి, వ్యోమగామిగా 2008లోనూ 2009లోనూ అంతరిక్షానికి వెళ్లి వచ్చారు. ఆయన సైన్సు వైపు తిరిగింది గాయం తరవాత కాదు. అప్పటికే ఆయన రసాయనశాస్త్ర పట్టభద్రుడు. జట్టు శిక్షణలో ఉండగానే రాత్రిళ్లు పదార్థాల శాస్త్రం పాఠాలను వీడియో క్యాసెట్లలో చూసి చదువుకున్నారు. రసాయనశాస్త్రం మీద ఇష్టం ముందే ఉంది కనుక గాయమైన రోజున అక్కరకు వచ్చింది. భయంతో మొదలుపెట్టిన చదువు అంత దూరం తీసుకువెళ్లేదని నేను అనుకోను.

సైన్సు చదివితే ఆట మీద ఏకాగ్రత తగ్గుతుందనేవారికి అనా కీసెన్‌హోఫర్ పేరు చెప్పండి. ఆమె ఆస్ట్రియాకు చెందిన గణితశాస్త్రవేత్త, గణితంలో పీహెచ్‌డీ చేసి, అప్పట్లో విశ్వవిద్యాలయంలో పరిశోధకురాలిగా పనిచేసేవారు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ మహిళల సైకిల్ రోడ్ రేసుకు ఆమె వచ్చేసరికి ఆమెకు వృత్తి జట్టు లేదు, శిక్షకుడు లేడు. సాధన, ఆహారం, ఎండను తట్టుకునే విధానం అన్నీ తానే లెక్కవేసుకున్నారు. 137 కిలోమీటర్ల పందెంలో మొదట్లోనే ముందుకు దూసుకుపోయి, చివరి 40 కిలోమీటర్లు ఒంటరిగా తొక్కి నిమిషానికి పైగా తేడాతో గెలిచారు. ఆమె ముందున్నారన్న సంగతే వెనకవాళ్లు మరిచిపోయారు. రెండో స్థానంలో వచ్చిన మేటి క్రీడాకారిణి తానే గెలిచాననుకుని చేతులు పైకెత్తింది. లెక్కలు తెలియడం వల్ల ఆమె గెలిచిందని నేను చెప్పడం లేదు. తన సొంత లెక్కను నమ్మి, అందరూ చేసే పద్ధతిని పక్కన పెట్టగలిగే ధైర్యం ఏళ్ల తరబడి గణితంతో కుస్తీ పట్టిన మనసుకు అలవడుతుందని మాత్రం గట్టిగా నమ్ముతాను.

మీకు బాగా తెలిసిన విషయం ఒకటి ఉంది, దాన్ని మీ తోటివారికి గుర్తుచేయండి. పెద్ద పోటీకి ముందు దాదాపు రెండు వారాల పాటు సాధన పరిమాణాన్ని సుమారు సగానికి తగ్గించి, తీవ్రతను మాత్రం తగ్గించకుండా ఉంచితే సామర్థ్యం పడిపోదు సరికదా, తరచుగా మెరుగవుతుంది. శిక్షకులందరూ పోటీల ముందు చేసేది ఇదే. మరి పరీక్షల ముందు రెండు వారాలు అదే పని చేస్తే ఆట పోతుందన్న భయం ఎందుకు? వారానికి రెండు మూడు చిన్న సాధనలు, కొన్ని వేగపు పరుగులు, కొన్ని దూకుళ్లు చాలు. సంవత్సరం మొదట్లోనే పోటీల తేదీలూ పరీక్షల తేదీలూ ఒకే కాగితం మీద రాసి గోడకు అంటించండి. రెండూ ఢీకొనే వారాలు నిజానికి ఏడాదిలో చాలా కొద్దిగానే ఉంటాయి. వాటిలో దేనికి పెద్దపీట వేయాలో ముందే మాట్లాడుకుంటే ఆ కంగారులో నోరు జారే అవసరం రాదు.

ఆ కాగితం మీద నిద్రను మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు. 13 నుంచి 18 ఏళ్లవారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని నిద్ర వైద్య నిపుణులు చెబుతారు. పగలు నేర్చుకున్న పాఠం మెదడులో స్థిరపడేది నిద్రలోనే, పగలు సాధన చేసిన దూకుడు ఒంటికి పట్టేదీ నిద్రలోనే. తెల్లవారుజాము సాధన, అర్ధరాత్రి చదువు రెండూ ఉన్న పిల్ల రెండింటినీ పోగొట్టుకుంటుంది. ఏదో ఒకటి తగ్గించాల్సి వస్తే సాధనలో పావుగంటో చదువులో అరగంటో తగ్గించండి.

చదివే పద్ధతిలో కూడా ఆటగాళ్లకు ఒక అనుకూలత ఉంది, దాన్ని వాళ్లెవరూ గుర్తించరు. 1978లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో కొందరు పిల్లల చేత 3 అడుగుల దూరంలోని గురికి గింజల సంచులు విసిరించారు. మరికొందరి చేత 2 అడుగులు, 4 అడుగుల దూరాల నుంచి మార్చి మార్చి విసిరించారు. చివరికి అందరినీ 3 అడుగుల దగ్గర పరీక్షిస్తే, ఆ దూరం నుంచి ఒక్కసారి కూడా సాధన చేయని రెండో జట్టువాళ్లే మేలుగా విసిరారు. పుస్తకానికీ ఇదే వర్తిస్తుంది. ఒకే రకం లెక్కను ఇరవైసార్లు చేయడం కంటే రకరకాల లెక్కలను కలిపి చేయడం, పాఠాన్ని పదేపదే చదవడం కంటే పుస్తకం మూసి గుర్తున్నది రాసి చూసుకోవడం, ఒక్క రాత్రిలో కూరడం కంటే రోజుల ఎడంతో తిరగేయడం ఎక్కువ మేలు చేస్తాయి. గ్రౌండులో ఎడం, మార్పు, పరీక్ష అనే మూడింటితోనే మీరు వాళ్లను తీర్చిదిద్దారు. అదే పద్ధతిని పుస్తకానికి వాడమని చెప్పగలిగిన మనిషి మీరే. ఆ మాట నేను చెబితే వాళ్లు వినరు.

తేలికపాటి చదువులో చేర్పించమన్న సలహాను మాత్రం నేను ఒప్పుకోలేను. ఇష్టం లేని తేలిక చదువు పిల్లకు ఇష్టమున్న కష్టమైన చదువు కంటే బరువు. అందులో చేరినవాళ్లు ఏదీ గట్టిగా నేర్చుకోరు, పైగా తమ బుర్ర ఇంతకే తగినదని నిర్ణయించుకుంటారు. దాని బదులు ఇష్టమైన చదువునే కాస్త నిదానంగా నడిపించండి. లాంగ్ జంప్‌లో చాలామంది పూర్తి స్థాయికి చేరేది ఇరవైల నడిమి వయసులో. కనుక మూడేళ్ల చదువుకు నాలుగేళ్లు పట్టినా ఆమె ఎక్కడా వెనకబడినట్టు కాదు. అయితే ప్రయోగశాలలో గంటల తరబడి నిలబడాల్సిన చదువులూ, ఆసుపత్రి విధులున్న చదువులూ కొన్నేళ్లు ఆటను నిజంగానే వెనక్కి నెడతాయని ఆమెకు ముందే చెప్పాలి. దాచి ప్రోత్సహించడం ప్రోత్సాహం అనిపించుకోదు. మార్కులు తగ్గడం, కొలతలు తగ్గడం కంటే ముందుగా మీరు గమనించాల్సినది ఇంకొకటుంది. ఆమె చిన్న చిన్న విషయాలకు కన్నీళ్లు పెట్టుకుంటున్నా, మానని నొప్పులు చెబుతున్నా, నోటు పుస్తకంలో అంచనాలు రాయడం మానేసినా, కొద్దివారాలు భారం తగ్గించండి. ఏది తగ్గించాలో ఆమెనే అడగండి.

హాజరు, పరీక్ష తేదీల విషయంలో ఆమె చదివే చోట పెద్దలతో పోటీల కాలం మొదలుకాకముందే, రాతపూర్వకంగా మాట్లాడండి. క్రీడాకారుల చదువుకు వెసులుబాటు కల్పించడం దయ కాదని, అదొక విధానంగా ఉండాలని ఐరోపా సమాఖ్య 2012లోనే మార్గదర్శకాలు వెలువరించింది. మీరు అడిగేది కొత్త విషయమేమీ కాదు. ఆ ఉత్తరం మీద శిక్షకుడి సంతకం ఉంటే తల్లిదండ్రుల సంతకం కంటే కూడా ఎక్కువ పనిచేయడం నేను చూశాను, ఎందుకంటే అది ఆట వైపు నుంచి చదువు కోసం వచ్చిన అభ్యర్థన.

మిగతా పిల్లలకు ఏం చెప్పాలని అడిగారు. ఉపన్యాసం వద్దు. వార్మప్ చేయించేటప్పుడు, కొలతల గురించి అడగడానికి ముందు, ఈ వారం ఏం కొత్తగా తెలిసిందని ఒక్కొక్కరిని అడగండి. మీకు తెలియనిది చెబితే తెలియదని ఒప్పుకుని, 'రేపు నాకు వివరించు' అనండి. తాము నమ్మే మాస్టారు తమ దగ్గర నేర్చుకోవడానికి సిద్ధంగా ఉన్నారని తెలిస్తే, ఆ రాత్రి పుస్తకం తెరవని పిల్ల అరుదు. పుస్తకం పట్టుకుని గ్రౌండుకు వచ్చినవాళ్లకు గట్టు మీద నీడ ఉన్న చోటు చూపించండి. తోటి పిల్లలు వాళ్లను ఎగతాళి చేస్తే మాత్రం అక్కడికక్కడే ఆపండి. ఆ వయసులో శిక్షకుడి మౌనం కూడా ఎగతాళికి వంత పాడినట్టే వినిపిస్తుంది.

మీ మోకాలి గురించి కూడా ఒక్క మాట రాయనివ్వండి. 22 ఏళ్ల వయసులో మీరు పోగొట్టుకున్నది చిన్నదేమీ కాదు. ఆ బాధను ఇతరులకు హెచ్చరికగా మార్చాలనుకోవడం మంచితనమే. కానీ అది పిల్లలకు మీ భయంగా చేరుతోంది. దాని బదులు, ఆ రోజుల్లో మీరు వదిలేసిన పుస్తకాల్లో మీకు ఏది ఇష్టంగా ఉండేదో వాళ్లకు చెప్పండి. 'ఆ పాఠం చివరిదాకా చదవాలని నాకు ఇప్పటికీ ఉంది' అని మీరు నిజాయితీగా అంటే, 'కాలు విరిగితే' అన్న మాట వందసార్లు విన్నా కదలని పిల్ల కదులుతుంది.

ఇక ఆ కుర్రవాడు. ఆట, చదువు రెండూ అతను మానడానికి మీ ఒక్క మాటే కారణమని నేను అనుకోను. అలాంటి నిర్ణయాల వెనక ఇంటి పరిస్థితులు, తోటివాళ్లు, ఇంకా మనకు తెలియని ఎన్నో సంగతులు ఉంటాయి. అయినా ఆ మాట నాలుగేళ్లుగా మీ లోపల తిరుగుతోందంటే అతని దగ్గరికి వెళ్లాల్సిన బాకీ ఒకటి మిగిలి ఉందని అర్థం. వెళ్లండి. 'ఆ రోజు నేను అన్నది తప్పు' అని చెప్పండి, ఎందుకన్నారో వివరించకండి. రసాయనశాస్త్రంలో అప్పుడు ఏ పాఠం చదువుతున్నావని అడగండి, గుర్తుంటే చెబుతాడు. వీలైతే ఒక సాయంత్రం గ్రౌండుకు రమ్మని పిలవండి. ఆ అమ్మాయి బోర్డు మీద కాలు మోపే క్షణాన్ని పట్టుకోవడానికి కెమెరా దగ్గర కుదురుగా కూర్చునే మనిషి ఒకరు మీకు ఎలాగూ కావాలి.